డ్రాగన్: ఎముకలు సరిపెడితే కూర్పు పోతోంది, కూర్పు చూసుకుంటే ఎముకలు పోతున్నాయి

గీతలగూడు

అందరికీ నమస్కారం. బొమ్మ వివరాలు: ఏ3 కాగితం, 300 జీఎస్ఎమ్, అడ్డంగా. ముందు పెన్సిల్, తర్వాత నీళ్ళు తగిలినా చెదరని నల్ల సిరాతో వాష్ (నీళ్ళు కలిపి పలచన చేసిన పూత). కొండకొమ్ము మీద వాలుతున్న డ్రాగన్. దూరంగా కోటగోడ, దాని మీద ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరు సెంటీమీటరు ఎత్తు. డ్రాగన్‌కి నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు. ఒళ్ళు ఏనుగంత.

ఆ ఒంటిని మోయగలవనిపించేంత రెక్కలు వేస్తే తల గోరంత అయిపోతోంది. తల పెంచితే రెక్కలు దేనికీ పనికిరానట్టున్నాయి. అన్నీ కనబడాలని పక్కనుంచి గీస్తే పాఠ్యపుస్తకంలో పటం అయిపోతోంది, వాలుతున్న ఊపే లేదు. ముందునుంచి గీస్తే భుజాల దగ్గర అంతా కలగాపులగం. ఇందులో ఏది వదులుకోవచ్చు, ఏది వదులుకోకూడదు?

ఎముకలపెట్టె

ముందు లెక్క చూద్దాం, ఇబ్బంది ఎక్కడుందో తెలుస్తుంది. పక్షుల్లో చదరపు మీటరు రెక్క మోయగలిగే బరువుకి పైహద్దు సుమారు 25 కిలోలని చెబుతారు. ఏనుగంత డ్రాగన్ అంటే 4000 కిలోలు అనుకోండి. 160 చదరపు మీటర్ల రెక్క కావాలి. అంటే ఈ కొసనుంచి ఆ కొసకి 32 మీటర్లు, సగటు వెడల్పు 5 మీటర్లు. ఒళ్ళు చూస్తే ఛాతీ నుంచి తుంటి దాకా 6 మీటర్లు, తల ఒక మీటరు. మీ కాగితం వెడల్పు 42 సెంటీమీటర్లు. అంచులు వదిలి రెక్కల్ని 38 సెంటీమీటర్లలో పరిస్తే ఒంటికి 7, తలకి 1.2 సెంటీమీటర్లు మిగులుతాయి. తల గోరంత అవడం మీ చేతి లోపం కాదు, లెక్కే అలా ఉంది.

కొలతను రెట్టింపు చేస్తే బరువు ఎనిమిదింతలవుతుంది, రెక్క వైశాల్యం నాలుగింతలే అవుతుంది. జంతువు పెద్దదయ్యే కొద్దీ రెక్కలు ఒంటికంటే వేగంగా పెరగాల్సి రావడానికి కారణం ఇదే. నిజంగా ఎగిరిన జీవుల్లో అతి పెద్దవాటిలో ఒకటి క్వెట్జల్‌కోట్లస్, డైనోసార్ల కాలం నాటి టెరోసార్ (ఎగిరే సరీసృపం). 1971లో టెక్సస్‌లో దాని ఎముకలు దొరికాయి. రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి 10, 11 మీటర్లు, బరువు 200 కిలోల పైచిలుకని ఎక్కువ అంచనాలు. మీ డ్రాగన్‌ని గుర్రమంత చేస్తే, అంటే 500 కిలోలైతే, 20 చదరపు మీటర్లు చాలు. కొసనుంచి కొసకి 10 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. చూసేవాళ్ళ కన్ను వెంటనే ఒప్పుకుంటుంది.

ఇక వదులుకోకూడనిది. కీళ్ళ సంఖ్య, వాటి వరుస, అవి వంగే దిశ: ఈ మూడూ మార్చకండి. ఎముకల పొడవులు మాత్రం కూర్పుకి కావలసినట్టు సాగదీయండి, కుదించండి. ముంజేయి ఐదో వంతు పొడుగైతే ఎవరికీ తెలియదు. మోచేతి మొన ముందుకి తిరిగితే చిత్రకళ ఏమాత్రం తెలియనివాళ్ళకీ ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. ఎందుకో చెప్పలేరు, అంతే.

తెల్లకాగితం

ఎముకలపెట్టె గారి లెక్క సరైనదే. కానీ ఏనుగంత డ్రాగన్‌ని వదులుకోనక్కరలేదు. ఆ 38 సెంటీమీటర్ల అవస్థ రెండు రెక్కల్నీ కాగితానికి సమాంతరంగా పరిచినందువల్ల వచ్చింది. డ్రాగన్‌ని ముప్పావు వంతు మన వైపు తిప్పండి. దగ్గరి రెక్క కాగితం పై అంచు దాటి బయటికి పోనివ్వండి. దూరపు రెక్క ఫోర్‌షార్టెనింగ్‌లో (చూపు దిశలోకి తిరిగిన పొడవు పొట్టిగా కనబడటం) మూడో వంతుకి కుదించుకుపోతుంది. అప్పుడు ఒంటిని రెండున్నర రెట్లు పెంచే చోటు దొరుకుతుంది. మెడ మన వైపు చాస్తుంది కాబట్టి తల 4, 5 సెంటీమీటర్లకి వస్తుంది. ఎముకల నిష్పత్తి ఎక్కడా మారలేదు, మన చూపు కోణం మాత్రమే మారింది.

రెక్క కాగితం దాటి పోతే నష్టమేమీ లేదు. అది ఎంత పెద్దదో చూసేవాళ్ళే ఊహించుకుంటారు, ఆ ఊహ మీరు గీయగలిగేదానికన్నా పెద్దగానే ఉంటుంది. అయితే ఎక్కడ కోస్తున్నామన్నది ముఖ్యం. మణికట్టు మీదో మోచేతి మీదో కాగితం అంచు పడితే రెక్క విరిగినట్టుంటుంది. మణికట్టు కనబడాలి, వేళ్ళు మొదలై కొంత దూరం సాగాలి, ఆ తర్వాత కోయాలి.

మనుషులతో పోలిక కూడా ఒకసారి సరిచూసుకోండి. మనిషి సెంటీమీటరుంటే, అదే దూరంలో ఉన్న 32 మీటర్ల రెక్కలు 19 సెంటీమీటర్లకి వస్తాయి. గోడకంటే డ్రాగన్ సగం దూరంలో ఉంటే 38. ఒంటిని రెండున్నర రెట్లు పెంచామంటే డ్రాగన్ మనకి ఇంకా దగ్గరికి వచ్చినట్టు, ఇంచుమించు గోడ దూరంలో ఐదో వంతుకి. కాబట్టి కొండకొమ్ము కూడా అంత దగ్గరగా, రాతి పగుళ్ళు స్పష్టంగా, ముదురు టోన్‌లో ఉండాలి. గోడ వెలిసిపోయినట్టుండాలి. రెంటికీ ఒకే టోన్ వేస్తే డ్రాగన్ ఏనుగంత కాదు, కోడిపుంజంత అవుతుంది.

పెద్ద కాగితం మీదికి వెళ్ళేముందు 6 × 4 సెంటీమీటర్ల పెట్టెల్లో ఓ పన్నెండు థంబ్‌నెయిల్స్ వేయండి. మూడే టోన్లు: ఆకాశం తెలుపు, కొండ బూడిద, డ్రాగన్ నలుపు. ఎముకలు, కళ్ళు, పొలుసులు ఏవీ వద్దు. ఆ నల్లటి ఆకారం చూడగానే డ్రాగన్ అని, వాలుతోందని తెలియాలి. తెలియకపోతే అనాటమీ ఎంత సరిగ్గా ఉన్నా ఆ పెట్టెని కొట్టేయండి.

గీతలగూడు

ముప్పావు కోణం కుదిరింది, చాలా థాంక్స్. స్కెచ్ పెట్టాను. చిక్కంతా భుజాల దగ్గరే. ముందుకాలి భుజం, రెక్క భుజం రెండూ ఒకే చోట పుట్టినట్టున్నాయి. రెక్కని వీపు మీదికి జరిపితే అతికించినట్టుంది.

ఎముకలపెట్టె

రెక్కని వీపు మీద ఎందుకు పెట్టకూడదంటే, రెక్కని కిందికి కొట్టే కండ వీపులో ఉండదు, రొమ్ములో ఉంటుంది. పక్షి రొమ్ముఎముకకి మధ్యలో నిలువు పలక లాంటి గట్టు ఉంటుంది. ఆ గట్టు నుంచి బయలుదేరిన కండ రెక్క పై ఎముకకి కింది వైపు అంటుకుంటుంది. రెక్కని పైకెత్తే కండ కూడా పక్షుల్లో రొమ్ములోనే ఉండి, భుజం దగ్గరి రంధ్రం గుండా పైకి వెళ్ళి కప్పీ మీద తాడులా లాగుతుంది. గబ్బిలాల్లో మాత్రం ఎత్తే పని ఎక్కువగా వీపు, భుజం కండలది. ఏ పద్ధతి ఎంచుకున్నా కొట్టే కండ రొమ్ములోదే. కాబట్టి రెక్కలున్న డ్రాగన్‌కి ఛాతీ లోతుగా ఉండాలి.

నాలుగు కాళ్ళు, రెండు రెక్కలు కలిపి ఆరు అవయవాలున్న వెన్నెముక జంతువు ప్రకృతిలో లేదు, ఉంటే ఎలా ఉంటుందో మనమే పేర్చుకోవాలి. పనికొచ్చే అమరిక ఒకటి చెబుతాను. పక్కనుంచి చూసినప్పుడు మెడ మొదలు నుంచి తుంటి దాకా ఆరు భాగాలు చేయండి.

ముందుకాలి భుజపుటెముక మొదటి భాగంలో, పక్కటెముకల మీద ఏటవాలుగా, పిల్లికీ గుర్రానికీ ఉన్నట్టే. రెక్క భుజం కీలు రెండో భాగం చివర, ముందుకాలి భుజం కీలు కంటే ఎత్తులో. దాని భుజపుటెముక పక్షిలో లాగా సన్నగా, పొడుగ్గా, వెన్నెముక పక్కనే వెనక్కి పడుకుని ఉంటుంది. ఛాతీ అన్నిటికంటే లోతుగా ఉండే చోటు ముందుకాలి మోచేతికి కాస్త వెనక. రెక్క కండ అక్కడినుంచి విసనకర్రలా పైకి విచ్చుకుని చంకలోకి పోతుంది. ముందుకాలు ఆ కండకి ముందు, దాని మీదుగా కదులుతుంది.

ముప్పావు కోణంలో గజిబిజి రావడానికి కారణం, ఈ రెండు కండల గుంపుల అంచులూ ఒకే టోన్‌లో ఉండటం. ముందుకాలి భుజాన్ని వెలుగులో ఉంచండి. దాని వెనక రెక్క చంకని పూర్తిగా నీడలో ముంచండి. రెంటి మధ్యా ఒక్క గట్టి అంచు చాలు.

ఇంత కష్టం అక్కరలేదనుకుంటే ముందుకాళ్ళు తీసేయండి. 1470 ప్రాంతంలో పావొలో ఉచెల్లో వేసిన సెయింట్ జార్జ్ బొమ్మలో (లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది) డ్రాగన్‌కి రెండే కాళ్ళు, రెండు రెక్కలు. గబ్బిలం, పక్షి, టెరోసార్ అన్నీ ఆ లెక్కవే. భుజం సమస్యే రాదు.

సిరాచుక్క

నేను కొంచెం విభేదిస్తాను. కీళ్ళు సరిగ్గా లేకపోతే బొమ్మ నిలవదన్న మాట యూరప్ డ్రాగన్‌కి వర్తిస్తుందేమో. చీనా డ్రాగన్‌కి మామూలుగా రెక్కలే ఉండవు, ఎగిరే లెక్కా లేదు. దుప్పి కొమ్ములు, ఒంటె తల, పాము మెడ, కార్ప్ చేప పొలుసులు, డేగ గోళ్ళు, పులి పాదాలు, ఎద్దు చెవులు, ఇలా మొత్తం తొమ్మిది పోలికలు చెబుతారు. ఇన్ని కలిసినా అది ఒకే ప్రాణిగా నమ్మిస్తుంది. చీనా చిత్రకారుడు చెన్ రోంగ్ 1244లో వేసిన తొమ్మిది డ్రాగన్ల చిత్రపు చుట్ట (బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది, దాదాపు 11 మీటర్ల పొడవు, అర మీటరు కూడా లేని ఎత్తు) చూడండి. ఒళ్ళు మబ్బులోకి పోయి ఇంకెక్కడో తేలుతుంది. అక్కడ కూర్పే ముందు, ఎముకలు తర్వాత. గీతలగూడు గారు కూడా భుజాన్ని పొగలోనో మబ్బులోనో దాచేస్తే సరిపోతుంది కదా?

తెల్లకాగితం

సిరాచుక్క గారూ, మబ్బు గురించి మీరన్నది నాకూ ఇష్టమైన పద్ధతే. కానీ ఆ చుట్టలో మబ్బు దాచేది ఏమిటో గమనించండి. తల, పంజా, మెలిక తిరిగే చోటు కనబడుతూనే ఉంటాయి. మధ్యలో ఉన్న ఒంటి పొడవు మాయమవుతుంది. లోపలికి వెళ్ళిన వంపు ఏ ఊపుతో వెళ్ళిందో బయటికి వచ్చే వంపు దాన్నే కొనసాగిస్తుంది. కనబడని భాగాన్ని కూడా పెన్సిల్‌తో పూర్తిగా గీసుకుని, తర్వాత చెరిపితేనే అది కుదురుతుంది. రాని చోట పొగ పెడితే పొగకి అటూ ఇటూ ఉన్న ముక్కలు కలవవు. దాస్తే పొడవుల్ని దాచండి, కీళ్ళని కాదు.

మన దగ్గరా దీనికి మంచి ఉదాహరణ ఉంది. హంపి విఠలాలయంలో స్తంభాల మీది యాళులు (సింహంలాంటి ఊహామృగాలు). స్తంభం నిలువుగా ఉంది కాబట్టి మృగం వెనక కాళ్ళ మీద లేచి నిలబడింది. అది కూర్పు పెట్టిన షరతు. ఒళ్ళు సాగింది, ఛాతీ ఉబ్బింది, తల అతిగా పెద్దది. అయినా కాలు కాలులాగే వంగుతుంది, బరువు తుంటి మీద పడుతుంది.

సిరాచుక్క

కనబడని చోట కూడా గీయాలన్నది ఒప్పుకుంటున్నాను. కానీ తల పెంచడానికి దృష్టికోణమే కావాలని లేదు. యాళి తల పెద్దదైనా ఎవరూ తప్పుపట్టరు. 20 శాతం పెంచినా పరవాలేదని నా అభిప్రాయం.

ఉడుమునీడ

ఇంతసేపూ ముందు భాగమే మాట్లాడుకున్నాం. స్కెచ్‌లో నాకు ఎక్కువ తేడాగా కనిపించింది వెనక భాగం, పైగా వాలే భంగిమ.

రాబందు వాలడం గమనించండి. ఒళ్ళు దాదాపు నిలువుగా లేస్తుంది. రెక్కలు గాలిని అడ్డుకునేలా ముందుకి తిరిగి దోసిలిపడతాయి. తోక విప్పి కిందికి వంచుతుంది. కాళ్ళు ముందుకి చాపుతుంది. మీ స్కెచ్‌లో ఒళ్ళు అడ్డంగా ఉంది, కాళ్ళు నేరుగా కిందికి వేలాడుతున్నాయి. అది వాలడం కాదు, గాల్లో తేలడం. ఒంటిని నేలకి 50, 60 డిగ్రీలు లేపండి. వెనక పంజాలు తుంటికంటే ముందుకి రావాలి. ఇలా చేస్తే తెల్లకాగితం గారు చెప్పిన ముప్పావు కోణానికీ లాభమే: మెడ, ఛాతీ, కాళ్ళు, తోక కలిసి ఒకే ఎస్ ఆకారపు వంపులోకి వస్తాయి. కూర్పుకి కావలసిన గీత సరైన భంగిమలోనే దొరుకుతోంది.

వెనక కాలు: తొడ, మోకాలు ముందుకి, చీలమండ వెనక్కి, తర్వాత పాదం పొడుగు, చివర వేళ్ళు. వెనక్కి వంగినట్టు కనబడేది మోకాలు కాదు, చీలమండ. మీ స్కెచ్‌లో దానికి పైన ఇంకో కీలు లేదు, అంటే మోకాలు పోయింది. పక్షిలో మోకాలు ఈకల కింద దాగి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. పొలుసుల జంతువులో అది బయటికి కనబడి తీరాలి.

తోక మొదలు. మొసలికీ ఉడుముకీ తోక నుంచి తొడ ఎముకకి పెద్ద కండ ఒకటి ఉంటుంది, కాలిని వెనక్కి లాగేది అదే. అందుకే వాటి తోక మొదట్లో ఇంచుమించు తుంటి అంత లావుగా ఉండి నెమ్మదిగా సన్నబడుతుంది. మీ డ్రాగన్‌కి తోక తాడులా మొదలైంది. లావు చేయండి. ముందు మెడ, తల, వెనక ఈ తోక ఉంటేనే రెక్కల కీలు దగ్గర ఒళ్ళు తూగుతుంది.

నమూనా కోసం హైదరాబాద్ నెహ్రూ జూ పార్క్‌లోనో విశాఖ ఇందిరాగాంధీ జూలోనో మొసళ్ళ దగ్గర ఓ గంట కూర్చుని గీస్తే, ఫోటోల్లో దొరకని లావులు తెలుస్తాయి.

గీతలగూడు

రెండో స్కెచ్ పెట్టాను. ఒళ్ళు లేపాను, మోకాలు వచ్చింది, తోక లావైంది. నిజంగానే వాలుతున్నట్టుంది. ఇప్పుడు రెండు సందేహాలు. రెక్క పొర ఆరేసిన దుప్పటిలా ఉంది. రెండోది, ఎక్కడో ఇరుకుగా అనిపిస్తోంది కానీ ఎక్కడో దొరకడం లేదు.

తెల్లకాగితం

ఇరుకు మూడు చోట్ల ఉంది. దూరపు రెక్క కొస కొండ అంచుని సరిగ్గా తాకి ఆగింది. తోక వంపు కాగితం కింది అంచుని ముద్దాడుతోంది. తల మీది కొమ్ము గీత, దగ్గరి రెక్క మూడో వేలు ఒకే గీతలో కలిశాయి. రెండు ఆకారాల అంచులు ఇలా తాకీ తాకనట్టుంటే లోతు పోతుంది. స్పష్టంగా ఒకదాని మీదికి ఇంకోదాన్ని ఎక్కించండి, లేదా కనీసం 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. తోకని కాగితం బయటికి పంపి మళ్ళీ లోపలికి తేవద్దు, కన్ను దాని వెంటే బయటికి పోతుంది. కొండ వెనక్కి తిప్పేయండి.

ఎముకలపెట్టె

పొర సంగతి. మీ బొమ్మలో రెక్క వేళ్ళు చేయి పొడవునా అక్కడక్కడా మొలిచాయి. గబ్బిలం రెక్కలో అన్ని వేళ్ళూ మణికట్టు దగ్గరే మొదలవుతాయి. బొటనవేలు చిన్నదిగా, గోరుతో విడిగా ఉంటుంది. రెండోది, మూడోది ముందు అంచుకి దగ్గరగా సాగుతాయి, రెక్క కొస మూడోదానిది. నాలుగోది మధ్యలో. చిటికెన వేలు వెనక అంచుకి దిగి రెక్క లోతుని అదుపు చేస్తుంది. అక్కడినుంచి పొర ఒంటి పక్కకి, వెనక కాలి దాకా వస్తుంది. మీ డ్రాగన్‌కి కాళ్ళు స్వేచ్ఛగా చాపాలి కాబట్టి తుంటి దగ్గరే ఆపేయండి.

ఎక్కువమంది మరచిపోయేది ముందు పొర. భుజం నుంచి మణికట్టు దాకా, మోచేతి వంపుకి అడ్డంగా ముక్కోణంలో ఒక పొర ఉంటుంది. అది లేకపోతే రెక్క ముందు అంచు ఉత్త చేయిలా కనబడుతుంది. టెరోసార్‌కైతే ఈ పొరని పట్టి ఉంచడానికి మణికట్టు దగ్గర ప్రత్యేకంగా ఒక ఎముకే ఉంది.

ముడతలు గురుత్వానికి వేలాడేవి కావు, లాగుడుకి వచ్చేవి. మణికట్టు నుంచి, వేళ్ళ కణుపుల నుంచి, చంక నుంచి కిరణాల్లా బయలుదేరతాయి. వాలేటప్పుడు గాలి కిందినుంచి నెడుతుంది కాబట్టి వేళ్ళ మధ్య పొర పైకి ఉబ్బాలి, వెనక అంచు వేలికొసల మధ్య లోపలికి వంపు తిరగాలి. వేళ్ళు కూడా తిన్నటి పుల్లలు కావు, కణుపు దగ్గర కొద్దిగా వంచండి.

వెలుగు వెనకనుంచి వస్తే పొర పలచనైన చోట లేత టోన్, వేళ్ళు ముదురు. సిరా వాష్‌లో పొరకి మొదటి పూతే ఉంచి, ఆరాక వేళ్ళకి మూడో పూత వేయండి. ఆరకముందు వేస్తే అంచు పాకి వేలు లావెక్కుతుంది.

సిరాచుక్క

తల గురించి ఒక్క మాట. నోరు కంటి కిందే ఆగిపోయింది. మొసలి దవడ కీలు పుర్రెకి బాగా వెనక, కంటిని దాటి ఉంటుంది. నోటి మూల ఆ కీలు కంటే ముందే ఆగుతుంది, మధ్యలో దవడ కండ ఉబ్బు కనబడాలి. కొమ్ములు చర్మంలోంచి కాదు, పుర్రె గట్టులోంచి లేవాలి, కాబట్టి కంటి పైగట్టుని అలాగే వెనక్కి సాగదీసి అందులోంచి కొమ్ము తీయండి. ఊహాజీవిని నమ్మించాలంటే ప్రతి అవయవాన్నీ ఏదో ఒక నిజమైన జంతువు నుంచి తీసుకోమని, డ్రాగన్ తలకి, మెడకి వేటకుక్క, పిల్లి, సింహం, తాబేలు లాంటివాటి పేర్లు చెప్పి మరీ లియొనార్డో డా విన్చీ రాసిపెట్టాడు.

కొత్తపెన్సిల్

ఎముకలపెట్టె గారూ, ఫోర్‌షార్టెనింగ్‌లో రెక్క వేళ్ళు ఎటు పోతాయో ఊహించడమే రావడం లేదు. బ్లెండర్ (కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాల్సిందేనా?

ఉడుమునీడ

అక్కరలేదండీ. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ రెండు మీటర్లు చాలు. వెన్నెముక 30 సెంటీమీటర్లు, చేయి, ముంజేయి 7 చొప్పున, వేళ్ళు 10 నుంచి 16. మణికట్టు దగ్గర అన్నిటినీ సన్నటి తీగతో బిగించి, టిష్యూ కాగితం అంటించండి. టేబుల్ లైటు కింద పెట్టి ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోన్‌ని 20 సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే తల అతిగా ఉబ్బుతుంది, మీటరు దూరంనుంచి జూమ్ చేస్తే చదునవుతుంది. ఈ రెంటి మధ్య 40, 50 సెంటీమీటర్ల దూరం చాలా బొమ్మలకి సరిపోతుంది. సిరాచుక్క గారు అడిగిన పెద్ద తల కూడా, కొలత మార్చకుండానే, ఆ దూరాన్ని తగ్గిస్తే వచ్చేస్తుంది.

గీతలగూడు

దవడ, రెక్క వేళ్ళు, తోక సరిచేశాను. రేపు సిరా మొదలుపెడతాను. పొలుసులు ఒళ్ళంతా వేయాలా?

తెల్లకాగితం

వద్దు. పొలుసు పరిమాణమే డ్రాగన్ పరిమాణాన్ని చెబుతుంది. పెద్ద పెద్ద పొలుసులు వేస్తే మీ ఏనుగు మళ్ళీ తొండ అయిపోతుంది. మీ కొలతకి ఒంటి మీద 2 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. తల మీద పలకలు పెద్దవి, వీపు మీద మొసలిలా వరుసల్లో గట్లు, పొట్ట మీద పాములా అడ్డపట్టీలు. చంక, మోకాలి మడత, మెడ వంపు లోపల చర్మం ముడుచుకోవాలి కాబట్టి అక్కడ అతి చిన్నవి.

గీసేది వెలుగు నీడగా మారే సరిహద్దు వెంట మాత్రమే, రెండు మూడు వరుసల వెడల్పున. పూర్తి వెలుగులో చుక్కలు చాలు, పూర్తి నీడలో ఏమీ వద్దు. తల, దగ్గరి భుజం మీద పూర్తిగా గీయండి, తుంటి దాటాక అంచు గీతలో చిన్న చిన్న గంట్లతో సరిపెట్టండి. వరుసలు ఒంటి గుండ్రాన్ని చుట్టుకుంటూ పోవాలి, మన నుంచి దూరంగా తిరిగే చోట ఒకదానికొకటి దగ్గరపడాలి. సిరా పట్టే ముందు పెన్సిల్‌తో ఒంటి చుట్టూ ప్రతి రెండు సెంటీమీటర్లకి ఒక వలయం లేతగా గీసుకుని, వరుసల్ని దాని వెంటే నడపండి. అంతా ఆరాక, మర్నాడు చెరపండి. తడి మీద రబ్బరు పెడితే కాగితం పీచులేస్తుంది.